కరెంటు చాపలకు సొర నూనె

తెడ్డు మొదటి దెబ్బ ఆమె భుజం మీద పడింది. రెండోది చెవి మీద. మూడో దెబ్బకు నేను మధ్యలో దూరాను. అది నా ఎడమ మోచేతి ఎముకను విరిచింది. కొట్టినవాడు ఆమెకు బావ, చనిపోయిన భర్తకు సొంత అన్న. అతని కుడిచేతికి మణికట్టు దాకా కట్టు ఉంది. కట్టులోంచి నెత్తురు ఊరుతోంది. అందుకని ఎడమచేత్తో కొడుతున్నాడు. అలవాటు లేని చేత్తో కొట్టేవాడి దెబ్బ ఎక్కడ పడుతుందో వాడికే తెలియదు. ఆవేళ నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది అదే.

పాలెం అంతా చుట్టూ నిలబడి చూస్తోంది. ఆడవాళ్లు పిల్లల మొహాలు తమ పొట్టలకు అదుముకున్నారు. కొంతమంది కుర్రవాళ్లు ఫోన్లు పైకెత్తి ఆ దెబ్బల్ని వీడియో తీస్తున్నారు. ఆమె ఏడవలేదు, కాదనలేదు, దండం పెట్టలేదు. ఇసకలో మోకాళ్ల మీద కూర్చుని చెవిలోంచి కారుతున్న రక్తాన్ని అరచేత్తో అదిమి పట్టుకుంది.

ఆమె మీద మోపిన నేరం ఒక్కటే. పాలెంలో అందరి దీపాలూ ఆరిపోయాయి. ఆమె దీపం వెలుగుతోంది.

ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే ఆ పాలెం వస్తుంది. అక్కడ నిలబడితే కరెంటు పుట్టించే ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనబడతాయి. హైటెన్షన్ తీగలు తలల మీదుగా గుయ్యిమంటూ దేశం మీదికి పోతాయి. పాలెంలోకి మాత్రం ఒక్క తీగ దిగదు. వాళ్లు ఇళ్లు వేసుకున్న ఇసక ఎవరిదో ఏ కాగితంలోనూ తేలలేదు కాబట్టి మీటరు ఇవ్వరు. రాత్రిపూట పడవ మీద పెట్టుకునే దీపాన్ని ఛార్జి చేయించుకోవడానికి ముత్తుకూరు అంగళ్ల చుట్టూ తిరగాలి. అంతకుముందు ఎవరో దాతలు గాజు సోలారు పలకలు ఇచ్చారు. తాటాకు కప్పులు ఆ బరువు మోయలేకపోయాయి. ఒక తుపాను గాలికి పలకలు లేచి, వాటిలో ఒకటి ఒక ముసలాయన కాలు నరికింది. ఆ తర్వాత సోలారు అనే మాట ఎత్తితే పాలెంలో కొట్టడానికి వచ్చేవాళ్లు.

అలాంటి చోటికి ఒక పరిశోధనశాల నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆ పాలెంలో చేతబడుల మీద, పూనకాల మీద నేను ఏళ్ల తరబడి వాదనలు పెట్టుకున్నాను. నా మాట వినకపోయినా నాతో పోట్లాడటానికైనా జనం చేరతారని ఎవరో చెప్పారట. నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. ఆమె సంచిలోంచి తీసింది చూసి నాకే ఆశ్చర్యం వేసింది. చుట్ట చుట్టిన పలచటి ప్లాస్టిక్ పొర. విప్పితే చారలు చారలుగా ముదురు ఎరుపు రంగు. చంకలో పెట్టుకుని పోవచ్చు, తాటాకు మీద తాడుతో కట్టవచ్చు, గాలివాన వస్తే చుట్టి ఇంట్లో పెట్టుకోవచ్చు. పాలెం జనం దానికి అప్పటికప్పుడే పేరు పెట్టారు: కరెంటు చాప. ఇంటికొకటి చొప్పున పంచింది.

దాని సంగతి చాలా సూటిగా చెప్పవచ్చు. కర్బనంతో తయారైన కొన్ని పదార్థాలను సిరాలాగా కరిగించి, పత్రిక అచ్చు వేసినట్టు పొర మీద అచ్చు వేస్తారు. ఎండ తగిలితే దాంట్లో కరెంటు పుడుతుంది. గాజు పలకంత కరెంటు ఇవ్వదు, అన్నేళ్లు పనిచేయదు. కానీ అచ్చు యంత్రం మీద బారలకు బారలు తీయవచ్చు కాబట్టి ముందు ముందు చాలా చవగ్గా దొరుకుతుంది. దానికి పడనివి తేమ, గాలి. అందుకే ఆ సిరాను రెండు ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి, అంచులు జిగురుతో మూసేస్తారు. అంచు గట్టిగా ఉన్నంతకాలం చాప పనిచేస్తుంది.

ఇంత మాత్రం తెలుగులో అచ్చు వేసి ఉంటే ఒక మనిషి చెవి దక్కేది. కానీ చాపల మీద చుట్టిన అట్ట మీద ‘సేంద్రియ సౌర ఫలకం’ అని వేశారు. ఆర్గానిక్ లాంటి ఇంగ్లీషు మాటకు నిఘంటువు తెరిచి మొదట కనబడిన తెలుగు మాటను అతికించే పెద్దమనుషుల మీద నాకు ఉన్న కోపం ఇప్పటిది కాదు. పేడ ఎరువు బస్తా మీద అదే మాట. రంగు కలపని బెల్లం మీద అదే మాట. చివరికి ఎండను కరెంటు చేసే ప్లాస్టిక్ మీద కూడా అదే మాట. చదివేవాడికి ఏం అర్థమవుతుందని అడిగే నాథుడు లేడు.

పాలెంలో చదివినవాడు ఒకడున్నాడు. దురాయి పెద్ద. దురాయి అంటే ఆ పాలెం తనకు తాను వేసుకునే కట్టడి. ఏ వల వాడాలి, ఏ రోజు వేటకు పోకూడదు, ఎవరితో మాట్లాడకూడదు, అన్నీ దురాయితోనే నడుస్తాయి. పెద్ద నోటి నుంచి దురాయి వచ్చిందంటే చట్టం కంటే గట్టిది. తప్పినవాళ్లకు ఎవరూ నీళ్లు ఇవ్వరు, పడవ ఎక్కించుకోరు, వాళ్లింట్లో శవం లేస్తే భుజం పట్టరు. ఆ పెద్దకు పురాణకాలక్షేపాల్లో కూర్చుని కూర్చుని సంస్కృతం కొంత పట్టుబడింది. అట్ట మీది మాటను చదివి నన్ను అడిగాడు, సేంద్రియం అంటే ఏంది సార్ అని. బొగ్గులో ఉండే కర్బనం సంగతి చెప్పడం మొదలుపెట్టాను. వెనకనుంచి ఒకడు అందుకున్నాడు.

“బొగ్గుతో కరెంటు వాళ్లు ఆడ చేస్తానే ఉండారు గదా సార్. అది మనకు రాదు గానీ, ఇది వచ్చిద్దా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పెద్ద నవ్వలేదు. అతను మాటను విడగొడుతున్నాడు. స, ఇంద్రియం. ఇంద్రియాలతో కూడినది.

“అంటే పానం ఉండే వస్తువు సార్ ఇది,” అన్నాడు.

ఎంతమాత్రం కాదని చెప్పాను. పరిశోధనశాల అమ్మాయి కూడా చెప్పింది. అతను మా ఇద్దరివంకా చూసి, అట్ట మీద అచ్చులో ఉండాది గదా అన్నాడు. అచ్చులో ఉన్నదానికి ఎదురుచెప్పడం ఈ దేశంలో ఎంత కష్టమో నాకు తెలియంది కాదు.

మేము వచ్చేశాక అతను దురాయి వేశాడు. అది నాకు ఆమెను కొట్టిన రోజు దాకా తెలియదు. అతని వరస చూడండి, ఎక్కడా తడబాటు లేదు. ప్రాణమున్న వస్తువు కాబట్టి ఉప్పుగాలికి ఒళ్లు పగులుతుంది. ఒళ్లు పగలకుండా పసిబిడ్డకు నూనె రాస్తాం, కొయ్య పడవకు సొర నూనె పట్టిస్తాం. కాబట్టి చాపలకు నూనె పట్టించాలి. సొర చేప కాలేయం కాచి తీసిన ఆ నూనెలో, జీడిగింజల పెంకు నుంచి దిగే ఘాటైన జీడి నూనె కూడా కలిపి పడవలకు పూస్తారు. ఫైబర్ పడవలు వచ్చాక కూడా ఆ డబ్బా ప్రతి పడవ ఇంట్లోనూ ఉంటుంది. పడవకు నీరు దిగేది అతుకుల దగ్గర కాబట్టి అతుకులకు ఎక్కువ పట్టించడం వాళ్ల చేతికి అలవాటు. చాపలకూ అలాగే అంచుల వెంట మెత్తగా నానేట్టు పట్టించారు. ఎక్కడ పూయకూడదో సరిగ్గా అక్కడే పూశారు.

జీడి నూనె జిగురును తినేసింది. అంచులు ఉబ్బాయి. సముద్రపు తేమ లోపలికి దిగింది. ఎర్రటి చారలు పాలిపోయి, ఒకదాని వెంట ఒకటి చాపలన్నీ చచ్చాయి. చాప ఛార్జి చేయక దీపం గుడ్డిదై ఉన్న పడవ మీద ఆమె బావ వేటకు వెళ్లాడు. చీకట్లో పెద్ద మరపడవ ఒకటి అతని వల మీదుగా దూసుకుపోయింది. బిగుసుకున్న తాడు అతని చూపుడువేలునూ నడిమివేలునూ తెంపుకుపోయింది. ముత్తుకూరు ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని పాలెంలోకి అడుగుపెట్టేసరికి, పాడుపడినట్టున్న ఇళ్ల మధ్య తమ్ముడి పెళ్లాం ఇంటి మీద చాప నిగనిగలాడుతోంది. అంతకుముందే పెద్ద ఒక మాట అని ఉన్నాడు. ప్రాణమున్న చాపలన్నీ చచ్చి ఒక్కటి మాత్రం బతికిందంటే, అన్నిటి ప్రాణం ఆ ఒక్కదాంట్లోకి లాగినవాళ్లు ఎవరో ఉన్నారని.

చాపలు పాడయ్యాయని తెలిసి చూడటానికి వెళ్లిన నేను, ఆమె బావ తెడ్డు అందుకునే సమయానికి అక్కడ ఉన్నాను.

నా మోచెయ్యి విరిగిన చప్పుడుకు అతను ఆగాడు. బయటివాడి ఎముక విరిగితే పోలీసులు వస్తారన్న భయం వల్ల జనం కూడా కదిలారు. ఆ సందులో ఆమెను ఆటో ఎక్కించి నెల్లూరు తీసుకుపోయాను. దోవలో నా చొక్కాకు అంటిన సొర నూనె కంపుకు నాకు సంగతి తట్టింది. చచ్చిన చాపలను పట్టి చూసినప్పుడు అంటింది అది. అమ్మా, నువ్వు నూనె పూయలేదా అని అడిగాను. ఆమె ఆటో అబ్బాయి వీపు వంక చూసి, గొంతు తగ్గించింది.

“నాకు పడవ యాడుంది అన్నా, నూనె ఉండేదానికి? ఎవురినన్నా అడిగితే ఇచ్చుందురు. అడగబుద్ధి కాలా.”

మరి ఆ మాట అక్కడ ఎందుకు చెప్పలేదన్నాను.

“పూయలా అంటే దురాయి తప్పినదాన్ని. పూసినా అంటే పానాలు లాగినదాన్ని. దేనికి కొడితే ఏముంది అన్నా?”

వలలు బాగుచేయడం ఆమె బతుకు. చిరిగిన వల ఎవరిదైనా ఆమె ముంగిట్లోనే పడుతుంది. పాలెం వెలి వేస్తే ఆ చేతులకు వేరే పని లేదు, ఆ ఇసక తప్ప వేరే చోటు లేదు. పోలీసుల దగ్గరికి పోదామన్నాను. వాళ్లు వచ్చి పోతారు, నేను ఆడే ఉండాల గదా అంది. చెవికి కుట్లు వేస్తున్నప్పుడు కూడా ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ అంది, నేను ఆడే ఉండాల అని.

చేతికి పిండికట్టుతో మర్నాడే పాలెం వెళ్లాను. పెద్దను అందరి ముందూ పరీక్షకు పిలిచాను. చాపలు పాడయ్యాయని విని పరిశోధనశాల అమ్మాయి ముందే పంపిన కొత్త చాపలు రెండు నా దగ్గర ఉన్నాయి. చేపలు వేలం వేసే తిన్నె మీద రెండూ పరుద్దాం, ఒకదానికి మీరు చెప్పినట్టే నూనె పట్టించండి, ఇంకోదాన్ని ముట్టుకోవద్దు, ఇక్కడుండి ప్రాణం లాగిందని ఎవరూ అనకుండా ఆమెను దూరంగా జువ్వలదిన్నెలో వాళ్ల అక్క ఇంటికి పంపిస్తాను, ఏది చస్తుందో పాలెం అంతా చూద్దాం అన్నాను. పెద్ద ఒప్పుకున్నాడు. నూనె పూసిందే బతుకుతుందని అతనికి నిజంగానే నమ్మకం. అందరినీ మోసం చేసే దొంగ అయితే నా పని తేలికయ్యేది. నమ్మినవాడితో వాదించడం రాతితో తల కొట్టుకోవడం.

నూనె నేను పడతా అని ముందుకు వచ్చినవాడు ఆమె బావ. ఎడమచేత్తో డబ్బాలో గుడ్డ ముంచి అంచుల వెంట పట్టించాడు. తర్వాత తిన్నె దగ్గరే గోనె పరుచుకుని కాపలా పడుకున్నాడు. మరదలి నేరం రుజువు కావాలి అతనికి. ఆ పరీక్షను అతను కాచినంత గట్టిగా నేను కూడా కాచి ఉండను. తాగి వచ్చిన ఒకడు పూయని చాపను పీకబోతే, వాడి మొహాన్ని తిన్నె అంచుకేసి కొట్టి ముందు పళ్లు రాల్చాడు.

చాపలు ఇంకా తిన్నె మీద ఉండగానే పట్టపగలు కుర్రవాళ్లు ఆమె ఇల్లు తగలబెట్టారు. నేను వెళ్లేసరికి తాటాకు బూడిదై గాల్లో తిరుగుతోంది. బాగుచేయడానికి జనం ఇచ్చిన వలలు కాలి నల్లటి ముద్దలయ్యాయి. పాలెంలో ఇంటి మీద బతికున్న ఒకే ఒక్క చాప కరిగి వాసానికి అంటుకుపోయింది. ఎవడు చేశాడురా ఇది అని అరిచాను. జవాబుగా రాళ్లు వచ్చాయి. ఒకటి నుదురు చీల్చింది. నాస్తికుడు వచ్చినాకే పాలెం చెడిందని ఒకడు, ఇంకో చెయ్యి గూడా విరగ్గొట్టండ్రా అని ఒకడు. మొహం మీదికి రక్తం కారుతుంటే, బుద్ధి, తర్కం అని నేను ఇన్నేళ్లు చెప్పిన మాటలు ఒక్కటీ నా నోట్లోకి రాలేదు. బూతులు వచ్చాయి. తిట్టాను. చేతికి అందిన కాలిన గుంజ ఎత్తి నేనూ వాళ్ల మీదికి ఉరికాను. నన్ను వెనక్కి లాగి ఇసకలో పడేసింది ఆమె బావే. పో సార్, చస్తావు అన్నాడు.

వారం తిరక్కముందే నూనె పూసిన చాప అంచులు ఉబ్బాయి. ఎరుపు పాలిపోయి చేప పొట్ట రంగుకు తిరిగింది. దీపానికి తగిలిస్తే వెలగలేదు. పక్కనే పూయని చాపకు తగిలిస్తే వెలిగింది. అటు తగిలించి ఇటు తగిలించి, వచ్చినవాళ్లందరికీ ఒకటికి పదిసార్లు చూపించాను. పెద్ద గొంతు సవరించుకుని, నూనెలో ఏదో కల్తీ ఉండాది అన్నాడు.

ఆమె బావ నెమ్మదిగా లేచాడు. నూనె డబ్బా ఎడమచేత్తో ఎత్తి పెద్ద నెత్తి మీద కుమ్మరించాడు.

“నీకు గూడా పానం ఉండాది గదా మామా. పూసుకో.”

ఆ తర్వాత జరిగిందాన్ని గొడవ అనడం కూడా తక్కువే. పెద్ద కొడుకులు అతని మీద పడ్డారు. అతని కట్టుకట్టిన చేతిని ఒకడు మడమతో తొక్కిపట్టాడు. అతను పెట్టిన కేక మనిషి కేకలా లేదు. చాపలు పాడైనవాళ్లు పెద్ద కొడుకుల మీద పడ్డారు. తెడ్లు, లంగరు తాళ్లు, చేపలు కోసే కత్తి ఒకటి. నూనె పడిన తిన్నె మీద జారిపడి, పడినవాళ్ల మీద పడి, తమను కొట్టేది ఎవరో చూసుకోకుండా కొట్టుకున్నారు. వాళ్లను కదిలించింది నా రుజువు అని చెప్పుకోలేను. వేళ్లు పోయినవాడి కోపం, పడవకు దీపం లేనివాళ్ల కోపం, ఇన్నాళ్లూ దురాయి కింద నోరు మూసుకున్న కోపం. రుజువు దానికి ఒక సాకు.

అంతలో ఆమె వచ్చింది. నూనె పూసిన చాప చచ్చిపోతోందన్న మాట ముందురోజే జువ్వలదిన్నెలో ఎవరి ఫోనుకో అందిందట, తెల్లారి మొదటి బస్సు పట్టుకుంది. దురాయి మాట తేల్చడానికి పాలెం కూడినప్పుడు ఆడవాళ్లు తిన్నె ఎక్కకూడదు. ఆమె ఎక్కింది. చెవికి కట్టు ఉంది. చుట్టూ తెడ్లు ఆడుతుంటే తప్పుకోకుండా నడిచింది. అది చూసి కొట్టుకునేవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. కళ్లలో నూనె పడి తుడుచుకుంటున్న పెద్ద ముందు నిలబడింది.

“నేను నూనె పూయలా. దురాయి తప్పినా. ఏం చేస్తారో చెప్పండి.”

పెద్ద తుడుచుకుంటూనే, ఆ దురాయి ఎత్తేసినాంలే, పో అన్నాడు.

“ఎప్పుడు ఎత్తేసినారు? నన్ను కొట్టకముందా, కొట్టినాకా?”

వాదనల్లోనే జుట్టు నెరిసిన నాకు ఆ ప్రశ్న పదును అర్థం కావడానికి క్షణం పట్టింది. కొట్టాక ఎత్తేశామంటే ఆమె అప్పటికి దురాయి తప్పినదే. దెబ్బలూ, కాలిన ఇల్లూ ఆమెకు తగిన శిక్షే అవుతాయి. రేపు ఎవరైనా ఆ మాట ఎత్తి మళ్లీ వెలి వేయవచ్చు. కొట్టకముందే ఎత్తేశామంటే ఆమె ఏ తప్పూ చేయలేదు. తప్పు చేయనిదాన్ని కొట్టారు, ఇల్లు తగలబెట్టారు. ఆ ఇసక మీద ఆమె ఉంటుందో పోతుందో ఆ ఒక్క మాటలో ఉంది. పెద్ద కూడా మాటలు విడగొట్టడం తెలిసినవాడే కదా, అతనికీ అర్థమైంది. కింద పడి చెయ్యి పట్టుకుని మూలుగుతున్న ఆమె బావ తల ఎత్తి చూస్తున్నాడు.

“కొట్టకముందే,” అన్నాడు పెద్ద.

“వినపళ్లా.”

“కొట్టకముందే ఎత్తేసినాం.” ఈసారి పాలెం అంతా విన్నది.

ఆమె తల ఊపి తిన్నె దిగింది. కింద పడి ఉన్న బావను దాటుకుని పోయింది, అతని వంక చూడలేదు. నేను వెంట నడవబోతే చేత్తో వారించింది.

“మీరు పోండి అన్నా. మీరుంటే వీళ్లు మీతో వాదిస్తా కూర్చుంటారు. ఇంక నాతో మాట్లాడాల వీళ్లు.”

నేను ఆగిపోయాను. ఆమె బూడిదలోకి దిగి, కాలిన గుంజలను ఒక్కొక్కటీ కాలితో తన్ని చూస్తోంది, ఏది విరుగుతుంది, ఏది నిలబడుతుంది అని. ఇల్లు తగలబెట్టిన కుర్రవాళ్లు దూరంగా నిలబడి ఉన్నారు. ఆమె తిరిగి, వాళ్లలో ఒకణ్ణి వేలుపెట్టి చూపించి, పార తీసుకుని రారా అంది.

వాడు కదల్లేదు. ఆమె కూడా వేలు దించలేదు. నేను రోడ్డు ఎక్కి వెనక్కి చూసేసరికి వాడు పార కోసం పోతున్నాడు.